తెగిన తీగకు అవతల

గాలివాన తెరిపి ఇచ్చేసరికి ఊళ్ళో సగం చెట్లు రోడ్లకు అడ్డం పడి ఉన్నాయి. సబ్‌స్టేషన్ ఆపరేటరు పొద్దున్నే డ్యూటీ దిగాల్సినవాడు దిగకుండానే పగటి డ్యూటీలోకి జారిపోయాడు. అతన్ని విడిపించాల్సిన మనిషి వంతెన అవతల చిక్కుకున్నాడు. ఫ్లాస్కులో టీ ఎప్పుడో అయిపోయింది. కిటికీ అద్దాలకు తడి ఆకులు అతుక్కుని ఉన్నాయి. బయట పెరట్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఏమీ ఎరగనట్టు తన రొద తాను పెడుతోంది.

దూరాన ఎక్కడో పుట్టిన కరెంటు ఇనప టవర్ల మీదుగా లక్షల వోల్టులతో పరుగెత్తుకొచ్చి, దారిలో మెట్టు మెట్టుగా దిగి, ఈ పెరట్లోకి వచ్చేసరికి పదకొండు వేలవుతుంది. ఇక్కణ్ణుంచి ఫీడర్లుగా చీలి వీధుల వెంట స్తంభాలు పట్టుకుని పోతుంది. చివరికి వీధి మొగలో ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకోసారి తగ్గి, ఇంట్లో ఫ్యాను తిప్పే కరెంటు అవుతుంది. ఏ ఫీడరు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఆపరేటరు పని. వేయడం ఎవడైనా వేస్తాడు, ఎప్పుడు వేయకూడదో తెలియడమే ఉద్యోగం అని అతను అంటూ ఉండేవాడు.

రేవు ఫీడరు గాలివాన మొదలవగానే పడిపోయింది. పొద్దెక్కాక ఫోను మోగింది. ఆ నంబరు చూడగానే ఆపరేటరు ముఖం బిగుసుకుంది. అల్లుడు.

"రేవు ఫీడరు మీద చెట్టు పడిందండి. గోదాముల మలుపు దగ్గర మూడు తీగలూ తెగిపోయాయి. మేం ఐస్ ఫ్యాక్టరీ వైపున్నాం. లైను మీద పని చేసుకోవడానికి లైన్ క్లియర్ కావాలి."

"ఆగండి," అన్నాడు ఆపరేటరు.

మామా అల్లుళ్ళు ఒకరినొకరు మీరు, అండీ అనుకోవడం ఆ ఇంటి మర్యాద కాదు. అది అలక. కొన్ని నెలల కిందట ఒక సెలవురోజు అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, ఎవరి ఉద్యోగం కష్టమన్న మాట వచ్చింది. అల్లుడు లైన్‌మన్, నోరు కాస్త దురుసు. "మామయ్యదేముంది, కుర్చీలో కూర్చుని హ్యాండిల్ తిప్పడమే కదా. ఎండా వానా అన్నీ మావి," అన్నాడు నవ్వుతూ. కూతురు నవ్వింది. భార్య కూడా నవ్వింది. ఆ నవ్వే అతనికి ముల్లులా దిగింది. ఆ కుర్చీ అతను కోరుకున్నది కాదు. ఒకప్పుడు అతనూ లైన్‌మనే. స్తంభం విరిగి మీదపడి కుడికాలు వంకరపోయాక డిపార్టుమెంటు చూపించిన చోటు అది. ఆ సంగతి అల్లుడికి తెలియక కాదు, ఆ క్షణంలో తట్టక. కానీ తట్టకపోవడం కూడా తప్పేనని మామ అనుకున్నాడు.

"అలిగిన అల్లుళ్ళ గురించి విన్నాంగానీ, అలిగిన మామను చూడ్డం ఇదే మొదలు," అని భార్య ఎంత దెప్పినా అతను కరగలేదు. అల్లుడూ తక్కువ తినలేదు. రెండుసార్లు పలకరించి చూసి, మూడోసారి మానేశాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా లైన్ క్లియర్ మాటలు తప్ప వేరే మాటల్లేవు.

ఆపరేటరు రేవు ఫీడరుకు కరెంటును కలిపే, విడదీసే బ్రేకరును ట్రాలీతో సహా బయటికి లాగాడు. లైను వైపు ఎర్త్ స్విచ్ వేశాడు. దాంతో తీగ నేలకు కట్టుబడిపోయింది. పొరపాటున ఎక్కణ్ణుంచి కరెంటొచ్చినా నేలలోకి పోతుందే తప్ప మనిషిలోకి పోదు. 'మనుషులు పని చేస్తున్నారు' అన్న బోర్డు తగిలించాడు. ట్రాలీ తిప్పే హ్యాండిల్ ఊడదీసి తన దగ్గరే ఉంచుకున్నాడు. అది లేకుండా ఆ బ్రేకరును ఎవరూ లోపలికి తోయలేరు.

"ఇచ్చాం," అన్నాడు ఫోనులో. "మీరే వచ్చి గానీ, మీ గొంతుతో గానీ తిరిగి అప్పగిస్తే తప్ప వెయ్యను."

"తెలుసండి," అన్నాడు అల్లుడు.

ఇంకో మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు రెండు పక్కలా వేసుకున్నాకే ఎక్కు, అని. తీగ తెగి ఉంది కాబట్టి ఇక్కడ తను వేసిన ఎర్త్ స్విచ్ గోదాముల మలుపు దాకానే పనిచేస్తుంది. తెగిన చోటుకు అవతల వాళ్ళ రాడ్లే వాళ్ళకు దిక్కు. కానీ లైన్‌మన్‌కు ఆ మాట చెప్పడమంటే చేపకు ఈత నేర్పడం. చెబితే చిన్నబుచ్చినట్టవుతుందో, చెప్పకపోతే బెట్టు చేసినట్టవుతుందో తేల్చుకునే లోపల అవతల ఫోను పెట్టేశారు.

కాసేపటికి సెల్‌ఫోన్లు మూగబోయాయి. టవర్ల బ్యాటరీలు అయిపోయి ఉంటాయి. ఇక మిగిలింది పెద్ద సబ్‌స్టేషన్‌కు వెళ్ళే డిపార్టుమెంటు ఫోను ఒక్కటే.

మధ్యాహ్నానికి ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు స్కూటరు మీద వచ్చాడు. మోకాళ్ళదాకా బురద, మెడలో తడి తువ్వాలు. మనిషి మంచివాడే, కాకపోతే నోటికి తాళం ఉండదు. "ఎప్పుడొస్తుందండీ మాకు? పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. చేపలు వాసనేస్తే జాలరులు నన్నే ముక్కలు కోసి ఐసులో పెడతారు," అన్నాడు.

"పని జరుగుతోంది. సాయంత్రం అవొచ్చు."

"సాయంత్రమా? అయితే మా ఏర్పాటే నయం." మేనేజరు లేచాడు. "పెద్ద జనరేటరు తెప్పించాం లెండి. ఈపాటికి మా ఎలక్ట్రీషియన్ కలిపేస్తూ ఉంటాడు."

ఆపరేటరు తలెత్తాడు. "దేనికి కలుపుతున్నాడు?"

"బోర్డుకే."

"చేంజోవర్ స్విచ్ ఉందా?"

"అంటే?"

"జనరేటరు వేస్తే మా లైను విడిపోవాలి, మా లైను వేస్తే జనరేటరు విడిపోవాలి. అలాంటి స్విచ్."

"అవన్నీ నాకెలా తెలుస్తాయండీ. మెయిన్ బోర్డు దగ్గర నేరుగా బిగిస్తున్నాడు. అందులో తప్పేముంది? ఎలాగూ మీ కరెంటు లేదుగా."

ఆపరేటరు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియవు. పై నుంచి పదకొండు వేలిస్తే కిందికి నాలుగు వందలు చేసి ఇస్తుంది. కింది నుంచి నాలుగు వందలు ఎక్కిస్తే, పైకి మళ్ళీ పదకొండు వేలు చేసి పంపుతుంది. ఫ్యాక్టరీ మెయిన్ స్విచ్ తీయకుండా జనరేటరు వేస్తే, ఆ కరెంటు వెనక్కి తన్ని స్తంభాలెక్కుతుంది. ఆ స్తంభాల మీదే అల్లుడున్నాడు. తెగిన తీగకు అవతల.

"వెంటనే వెళ్ళి ఆపించండి," అన్నాడు. "మెయిన్ స్విచ్ తీయించండి. లైను మీద మనుషులున్నారు."

మేనేజరు ముఖం పాలిపోయింది. "నా మాట వాడు వినడండీ. ఓనరుగారు చెప్పిన పని అంటాడు. అయినా ఆ గదిలో స్విచ్‌లు బోలెడు. మెయిన్ ఏదో నాకు తెలిస్తే కదా."

ఆపరేటరు డిపార్టుమెంటు ఫోనెత్తాడు. అవతల ఇంజనీరమ్మ పలికింది. వయసులో చిన్నదే గానీ మాట పొదుపు, పని ఖచ్చితం. అతను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది.

"రాడ్లు వేసుకునే ఎక్కారా?" అంది.

"నేను అడగలేదు మేడం. ఇప్పుడు నేనే వెళ్ళాలి."



"మీరు సీటు వదలకూడదు. నేను జీపు పంపుతాను."

"జీపు ఎక్కడుంది మేడం?"

"వంతెనకు మా వైపే ఉంది. ఇంకా చెట్లు కోస్తున్నారు."

ఆపరేటరు తాళంచెవి కోసం సొరుగు లాగాడు. ఆవిడే మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా. "మీరు వెళ్తే నేను మెమో ఇవ్వాల్సి వస్తుంది. వెళ్ళకపోతే ఏమవుతుందో మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. మీ ఇష్టం."

"సరే మేడం," అని ఫోను పెట్టేశాడు. హ్యాండిల్‌ను చొక్కా లోపల నడుముకు దోపుకున్నాడు. కంట్రోల్ రూముకు తాళం వేసి, గేటు దగ్గరి కాపలావాడికి, "నేనొచ్చేదాకా మేడం తప్ప దేవుడొచ్చినా తలుపు తీయకు," అని చెప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. స్కూటరు వెనక ఎక్కి కూర్చోవడానికి వంకరకాలు సహకరించలేదు. రెండు చేతులతో ఎత్తి పెట్టుకున్నాడు.

దారి దారిలా లేదు. మేనేజరు కొమ్మల మధ్య నుంచి, కాలవల్లాంటి గుంటల్లోంచి బండిని పోనిచ్చాడు. ఆపరేటరు కళ్ళు తీగల మీదే ఉన్నాయి. గోదాముల మలుపు దగ్గర చెట్టు మొదలంటా కూలి ఉంది. తెగిన తీగలు ఇటువైపు చుట్టచుట్టుకుని వేలాడుతున్నాయి. అక్కణ్ణుంచి అవతల తీగలు మళ్ళీ మామూలుగా, అమాయకంగా రోడ్డు వదిలి అడ్డదారిన సాగిపోతున్నాయి. చూస్తే వాటిలో ప్రాణం ఉందో లేదో బ్రహ్మదేవుడికైనా తెలియదు. అదే ఈ పనిలో ఉన్న దరిద్రం. పాము బుస కొడుతుంది, కుక్క మొరుగుతుంది. కరెంటు చెప్పి రాదు.

పెళ్ళయిన కొత్తలో అల్లుడు గ్లవ్స్ లేకుండా ఇంట్లో మీటరు దగ్గర వేలు పెట్టడం అతను చూశాడు. "వీడు తొందర మనిషి," అని ఆ రోజే భార్యతో అన్నాడు. ఆ తొందర మనిషి ఈ రోజు రాడ్లు వేసుకున్నాడా? ఊరంతా చీకట్లో ఉంది, అందరూ తొందరపెడుతున్నారు. చచ్చిన లైనే కదా, మామయ్య ఎర్త్ వేశాడుగా అనుకుని ఎక్కేసి ఉంటే? ఒక్క మాట. ఫోనులో ఒక్క మాట అడగడానికి తనకు నోరు రాలేదు.

ఫ్యాక్టరీ కనబడుతుండగానే జనరేటరు చప్పుడు వినిపించింది. గొంతు పెంచుకుంటూ పోయి, ఎవరో పీక నొక్కినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది.

"వేసేశాడు," అన్నాడు మేనేజరు నీరసంగా.

ఆపరేటరు బండి ఆగకముందే దిగబోయి పడ్డాడు. లేచాడు. బోర్డు గదిలో నేలంతా తడి. ఎలక్ట్రీషియన్ చెమటలు కక్కుతూ ఒక లావుపాటి కేబులు ముక్కను బిగిస్తున్నాడు.

"రెండుసార్లు వేశానండి మేనేజరుగారూ," అన్నాడు తల తిప్పకుండా. "ఎత్తుకున్నట్టే ఎత్తుకుని చచ్చిపోతోంది. జనరేటరు బ్రేకరు పడిపోతోంది. దాని తిక్క కుదురుస్తా. ఈసారి బ్రేకరుతో పనిలేకుండా పక్కనుంచే ఇస్తున్నాను."

ఆపరేటరు గోడ వంక చూశాడు. వరసగా ఇనప పెట్టెలు. అన్నిటికన్నా పెద్దదాని పిడి పైకి ఉంది. అదే మెయిన్. రెండు చేతులతో పట్టుకుని మొత్తం బరువు వేసి కిందికి లాగాడు. పిడి ఠప్పున పడింది.

"ఎవర్రా నువ్వు?" ఎలక్ట్రీషియన్ స్పానరుతోనే మీదికొచ్చాడు.

"ఆ తీగ చివర మా అల్లుడున్నాడు," అన్నాడు ఆపరేటరు. గొంతు పెద్దది చేయలేదు. "నువ్వు రెండుసార్లు ఎక్కించిన కరెంటు అతని దగ్గరికే పోయింది."

ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ వంక చూశాడు. పైన కప్పు వంక, బయట ట్రాన్స్‌ఫార్మర్ వంక చూశాడు. అతనికి అప్పటికి అర్థమైంది. స్పానరు బల్ల మీద పెట్టి గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ఆపరేటరుకు అతన్ని తిట్టే ఓపిక లేదు. బయటికొచ్చి ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గరున్న పొడుగాటి పిడి తిప్పి, దాన్ని పై తీగ నుంచి కూడా విడదీసి, మేనేజరు స్కూటరు గొలుసూ తాళమూ తీసుకుని ఆ పిడికి వేశాడు. చేతులు వాటంతట అవి పని చేశాయి. బుర్ర మాత్రం ఒకే లెక్క చేస్తోంది. బ్రేకరు రెండుసార్లు పడిందంటే తీగ ఎక్కడో గట్టిగా నేలకు తగులుకుని ఉంది. అది ఎర్త్ రాడ్డయితే అల్లుడు బతికున్నట్టే. కానీ తెగి నేల మీద పడ్డ తీగైనా కావచ్చు. జనరేటరు ఇంత లోడు మొయ్యలేకైనా పడి ఉండొచ్చు. మరి మధ్యలో ఆ క్షణం? మనిషి ప్రాణానికి ఎంతసేపు కావాలి?

స్తంభాల వెంట నడక సాగించాడు. అక్కడ స్కూటరు వెళ్ళదు. బురదలో ఒక చెప్పు ఉండిపోయింది, వెనక్కి తిరగలేదు. మేనేజరు వెనకాలే వస్తూ, "చెయ్యి పట్టుకోండి," అంటున్నా వినిపించుకోలేదు. స్తంభాల వరస ఒక మలుపు తిరిగాక దూరంగా నిచ్చెన కనబడింది. స్తంభం మీద ఎవరూ లేరు. కింద నలుగురైదుగురు గుమిగూడి, వంగి దేన్నో చూస్తున్నారు.

అతనికి కూతురు గుర్తొచ్చింది. ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో కూడా తోచలేదు.  అయినా నడిచాడు.

గుంపులోంచి ఒకడు నిటారుగా లేచాడు. హెల్మెట్ తీసి ఇటే చూశాడు. అల్లుడు.

ఆపరేటరు అక్కడే ఆగి, పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు.

అల్లుడు పెద్ద పెద్ద అంగలతో వచ్చాడు. ముఖం కోపంతో కందిపోయి ఉంది. "ఎందుకు వేశారు?" అన్నాడు. "నేను అప్పగించానా? నా గొంతు విన్నారా? పైనుంటే రాడ్డు దగ్గర టపటపమని నిప్పులు లేచాయి. దిగండ్రా అని అరిచి, దిగుతుంటే రెండోసారి. రాడ్డును నేలలో గుచ్చిన చోట నిలబడ్డ మనిషి ఎగిరి అవతల పడ్డాడు. మీకు నా మీద ఎంత కోపమున్నా—"

"నేను వెయ్యలేదు."

"మీరు కాక ఇంకెవరు వేస్తారు?"

ఆపరేటరు చొక్కా పైకెత్తి నడుముకున్న హ్యాండిల్ తీశాడు. దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు. "ఇది లేకుండా ఎవడు వేస్తాడు? నువ్వు ఎక్కినప్పట్నుంచీ నా ఒంటి మీదే ఉంది."

అల్లుడు ఆ ఇనప ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. మేనేజరు రొప్పుతూ వచ్చి, జనరేటరు సంగతి చెప్పాడు. తప్పంతా తనదే అన్నట్టు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చెప్పాడు. అల్లుడు విన్నాడు. విన్నకొద్దీ కోపం దిగిపోయి, దాని వెనక ఇంతసేపూ దాక్కున్న భయం పైకి తేలింది. 

"మీరే అనుకున్నాను," అన్నాడు.

"నువ్వు రాడ్లు వేసుకోలేదనుకున్నాను నేను," అన్నాడు మామ. "దారి పొడుగునా అదే అనుకున్నాను."

 ఒకడు తన ప్రాణం అవతలివాడి చేతిలో పెట్టి ఎక్కాడు, ఇంకొకడు దాన్ని ఒంటికి కట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ చేయాల్సింది చేశారు. అయినా అవతలివాడు చేసి ఉంటాడని ఒక్కరికీ నమ్మకం లేకపోయింది. 

"ఏడీ, పడ్డ మనిషి?" అన్నాడు ఆపరేటరు.

గుంపు మధ్యలో ఒక నడివయసు లైన్‌మన్ చెట్టు మొద్దు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. సగం నీళ్ళు చొక్కా మీద పోసుకుంటున్నాడు. తడి నేలలోంచి కాళ్ళకు తగిలింది. ఆపరేటరు అతని ముందు కూర్చుని, నాడి పట్టుకుని, పేరేమిటో పిల్లలెందరో అడిగి, మాట తడబడటం లేదని చూసుకున్నాడు. "ఏం లేదు బాబాయ్," అన్నాడతను. "మా ఆవిడ తోసినట్టుంది, అంతే." ఎవరో నవ్వారు. ఆపరేటరు నవ్వలేదు. పైకి బాగానే ఉన్నా గుండె ఆలస్యంగా మొరాయించిన మనుషుల్ని అతను చూశాడు. మేనేజరుతో, "ఇతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే. గుండె పరీక్ష చేసేదాకా పక్కనుంచి కదలొద్దు," అన్నాడు. మేనేజరు ఆ మనిషి చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించాడు.

నేల దగ్గర రాడ్డు బిగించిన చోట క్లాంపు నల్లగా మాడిపోయి ఉంది. ఆపరేటరు దాన్ని వేలితో తాకి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది. ఇంకో రెండు సార్లు వేసి ఉంటే, అందులోనూ బ్రేకరు లేకుండా వేసి ఉంటే, అది పట్టు వదిలేసేది.

"ఇది మార్చి, కొత్తది బిగించుకుని ఎక్కు," అన్నాడు. "రెండు పక్కలా."

"అలాగే మామయ్యా," అన్నాడు అల్లుడు. హ్యాండిల్ తిరిగి ఇచ్చి, సంచీలోంచి తన చెప్పులు తీసి అతని ముందు పెట్టాడు. తను పని బూట్లలో ఉన్నాడు. మామ వద్దనలేదు.

సబ్‌స్టేషన్‌కు కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి ఇంజనీరమ్మ అతని కుర్చీలో కూర్చుని ఉంది. వంతెన దగ్గర జీపు వదిలేసి నడిచొచ్చింది. చీర అంచులు తడిసి ఉన్నాయి. మిగతా ఫీడర్ల మీటర్లు చూస్తూనే, "ఎలా ఉన్నారు?" అంది.

"ఒకతనికి కాస్త షాకు తగిలింది మేడం. ఆసుపత్రికి పంపాను. మిగతావాళ్ళు బాగున్నారు."

ఆవిడ కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. తర్వాత లేచి కుర్చీ అతనికి వదిలి, బల్ల మీదున్న కాగితం జరిపింది. సీటు వదిలి వెళ్ళినందుకు సంజాయిషీ అడిగే మెమో. "రాస్తానన్నాను కాబట్టి రాశాను," అంది. "రేపు జవాబివ్వండి. నేను పైకి రాసేది వేరే కాగితం. ఫ్యాక్టరీల జనరేటర్లన్నీ వెళ్ళి చూడాలి మనం. ఇంతకుముందే చూడాల్సింది. అది నా తప్పు."

"రాడ్ల గురించి అడక్కపోవడం నా తప్పు మేడం," అన్నాడు ఆపరేటరు. "అది కూడా జవాబులో రాస్తాను."

ఎండ వాలుతుండగా అల్లుడు వచ్చాడు. ఫోన్లు ఇంకా పలకడం లేదు. గుమ్మంలో నిలబడి, "రేవు ఫీడరు పని పూర్తయింది. మనుషులందరూ దిగారు. రాడ్లు తీశాం. ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్ విడదీసే ఉంది. లైన్ క్లియర్ అప్పగిస్తున్నాను," అని పద్ధతి ప్రకారం చెప్పాడు. సంతకం చేశాడు. ఆపరేటరు బోర్డు తీసి, ఎర్త్ స్విచ్ తీసి, హ్యాండిల్‌తో ట్రాలీని లోపలికి తిప్పాడు. బ్రేకరు వేసేముందు ఒకసారి అల్లుడి వంక చూశాడు. అల్లుడు తలూపాడు.

బ్రేకరు వేశాడు. మీటరు ముల్లు కదిలి, పైకి లేచి, నిలబడింది. ఇంజనీరమ్మ నడుచుకుంటూ వంతెన వైపు వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "ఆసుపత్రి నుంచి మేనేజరు కబురు పంపాడు, గుండె బాగానే ఉందట, రేపు పొద్దున పంపేస్తారట," అని చెప్పింది.

"ఇంటికి తీసుకెళ్తాను మామయ్యా, బండి తెచ్చాను," అన్నాడు అల్లుడు.

"నన్ను విడిపించేవాడు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తాడో తెలియదు. నువ్వు వెళ్ళు, ఇంట్లో కంగారు పడుతుంటారు."

"ఇద్దరి గురించీ పడుతుంటారు. ఇద్దరం కలిసే వెళ్దాం." అల్లుడు బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. బూట్లు విప్పి, గోడకు తల ఆనించాడు. మామ ఇంకేదో అనబోయి చూసేసరికి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆపరేటరు లేచి వెళ్ళి, ఎండ ముఖాన పడకుండా తలుపు కొంచెం జరిపి, తిరిగొచ్చి మీటర్ల ముందు కూర్చున్నాడు.